నా నెత్తిమీద జానెడు ఖాళీ

నేను ఒక పవర్ సప్లైని. బయలుదేరిన రోజున నా చేతిలో ఉన్న సరుకు ఇదీ: ఎత్తినవాడి నడుము పట్టేసేంత ఇనుము, దాని చుట్టూ రాగి తీగ, వీపు మీద వేడి వదలడానికి అల్యూమినియం రెక్కలు. పెట్టుబడి అంతే. వ్యాపారం కూడా సూటిదే. గోడలోంచి వచ్చే ఎగుడుదిగుడు కరెంటు తీసుకుంటాను, చదునైన పన్నెండు వోల్టులు ఇస్తాను. ఆ చదును చెయ్యడంలో పోయే తరుగు వేడిగా పోతుంది. దాన్ని నేనెప్పుడూ దాచలేదు. చెయ్యి పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఈ ముక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. నన్ను తిట్టినవాళ్లందరూ ఆ వేడి గురించే తిట్టారు. నా ప్రాణం మీదికి తెచ్చినవాడు మాత్రం ఆ వేడినే మరిచిపోయాడు.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. తీగ చుట్టినావిడ ఒక్కో వరసా పూర్తికాగానే బొటనవేలితో నొక్కి చూసేది. నా విషయంలో శ్రద్ధ అన్నది అక్కడే మొదలై అక్కడే ఆగిపోయింది. తర్వాత ఒక కాలేజీ ల్యాబుకి వెళ్లాను. విద్యార్థులు ముట్టుకుంటే పాడవుతానని నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. తనిఖీకి పెద్దలు వచ్చినప్పుడు తీసి తుడిచేవారు. వాళ్లు టిఫిన్లు తిని వెళ్లగానే మళ్లీ లోపలికి తోసేవారు. వాడకుండా కాపాడటమనే విద్య మనుషులకు మాత్రమే వచ్చు. ఆ కాలేజీ పాత సామాను వేలం వేసినప్పుడు విశాఖపట్నంలో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టుకి చేరాను.

అక్కడికి దాలినాయుడు వచ్చాడు. విజయనగరంలో మందుల కొట్టు అతనిది. డాబా మీద టెలిస్కోపు, దాని పక్కన స్వయంగా కట్టుకున్న గడియారం అతని లోకం. ఆకాశంలో ఏదో గ్రహశకలం ఒక నక్షత్రానికి అడ్డొస్తుంది, నక్షత్రం కాసేపు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ఏ ఊళ్లో ఏ క్షణాన ఆరిందో అందరూ కలిపి చూసుకుంటే ఆ రాయి ఆకారం తెలుస్తుందట. పిచ్చే, కానీ ఎవరికీ నష్టం చెయ్యని పిచ్చి.

బల్ల మీద నేనూ, నా పక్కన అరచేతిలో ఇమిడే ఒక అడాప్టరూ ఉన్నాం.

"రెండూ పన్నెండు వోల్టులే గదా?" అన్నాడు దాలినాయుడు.

"పన్నెండే బాబూ. కానీ ఆ చిన్నది స్విచింగు రకం. బల్బులకీ, ఫోన్లకీ బాగుంటాది. మీ గడియారానికి లోపల రొద పంపిస్తాది. పెద్దదాన్ని తీస్కోండి," అన్నాడు కొట్టు యజమాని.

"దీన్ని ఎత్తుకెల్తే కండక్టరు దీనికీ టిక్కెట్టు కొడతాడు!"

నవ్వుకుంటూ అడాప్టర్ని చొక్కా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. నేను ఉడికిపోయాను, ప్లగ్గు పెట్టకుండానే.

ఆ గడియారం గుండె ఒక క్వార్ట్జ్ ముక్క. చిన్న ఓవెన్‌లో ఒకే వెచ్చదనంలో రోజుల తరబడి కూర్చుంటేగానీ అది కుదుటపడదు. చల్లగా ఉన్నప్పుడు ఓవెన్ ఆవురావురుమని కరెంటు తాగుతుంది. అప్పుడు అడాప్టర్ చేతులెత్తేసింది. తర్వాత తేరుకున్నా, దాని రొదకి గడియారం టిక్కులు వణికాయి. ఒక రాత్రి నక్షత్రం ఆరినప్పుడు దాలినాయుడు రాసి పంపిన సమయం చుట్టుపక్కల ఊళ్లవాళ్లెవరితోనూ కలవలేదు. ఇలా నక్షత్రాలు చూసేవాళ్ల సంఘం నడిపే పట్నాయక్ గారు ఫోన్‌లో మెత్తగానే అన్నారు: "దసరా సాయంత్రం ఇంకొకటి ఉంది, నాయుడూ. ఆ రాయి నీడ అంచు మీ ఊరి మీంచే పోతుంది, అక్కడ నువ్వు తప్ప ఎవరూ లేరు. ఈసారీ తేడా వస్తే నీ పేరు జట్టులో ఉంచలేను."

అప్పుడు గుర్తొచ్చాను నేను. ఈసారి టిక్కెట్టు మాట ఎత్తకుండా భుజాన వేసుకుని బస్సెక్కాడు.

డాబా మీది గదిలో నన్ను గడియారానికి కలిపాడు. ఓవెన్ తాగినంత పోశాను, తర్వాత గొంతు పెంచకుండా నిలబడ్డాను. పగలూ రాత్రీ ఒకే చదును. టిక్కులు కుదుటపడ్డాయి. దాలినాయుడు తెర మీద ఆ టిక్కుల గీతలు చూసుకుని మురిసిపోయి తన గడియారాన్ని మెచ్చుకున్నాడు. నన్ను కాదు.

అతని భార్య నూకరత్నం ఒకసారి నా రెక్కల మీద వేలు పెట్టి తీసేసింది. "ఒలమ్మో, పెనంలా కాల్తంది! దోసెలేసుకోవచ్చు."

దసరా వచ్చింది. ఆ రోజు పనిముట్లకి పూజ. మిషను ఆపాలి, కడగాలి, బొట్టు పెట్టాలి. సాయంత్రానికి నక్షత్రం ఉంది కాబట్టి నన్ను ఆపలేడు, ఆపకపోతే మర్యాద తక్కువ అవుతుందని బెంగ. అందుకని ఆపకుండానే మొత్తం మర్యాద చేశాడు. పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ రెక్కల మీదుగా వేశాడు. అదీ చాలలేదు. కొత్త జరీ కండువా తెచ్చి నా వీపంతా కప్పేశాడు.

"పెనం మీద కండువా ఏటయ్యా?" అంది నూకరత్నం.

"పూజకి వస్త్రం పెట్టొద్దేటి? నీకు తెల్దు, ఊరుకో."

దండం పెట్టుకుని ఇద్దరూ మందుల కొట్టులో పూజకి వెళ్లిపోయారు.

ఒకడు చంపడానికి వస్తే అరవొచ్చు. దండం పెట్టి ఊపిరి మూసేస్తే ఏమని అరవాలి? రెక్కలు ఊదిన వేడి కండువాకి తగిలి మళ్లీ నాలోకే వచ్చింది. బంతిపూలు కమిలాయి. నా లోపల ఒక కాపలా స్విచ్చి ఉంది, వేడి హద్దు దాటితే దారి మూసేస్తుంది. మూసేసింది. కాస్త చల్లారగానే తెరిచింది. మళ్లీ కాగాను, మళ్లీ మూసింది. మధ్యాహ్నమంతా అదే తంతు. మూసుకున్న ప్రతిసారీ గడియారం ఆగింది, ఓవెన్ చల్లారింది. ఇన్ని రోజులు పోగేసిన వెచ్చదనం నా కళ్ల ముందే నేలపాలైంది.

చీకటి పడుతుండగా దాలినాయుడు వచ్చి కండువా లాగేశాడు. కంగారుగా అన్నీ సర్దాడు. నక్షత్రం చెప్పిన వేళకే ఆరింది, చెప్పినట్టే వెలిగింది. అతను చక్కగా చూశాడు. చూసిన క్షణం ఎప్పుడన్నది చెప్పాల్సిన గడియారం మాత్రం ఇంకా వణుకుతూనే ఉంది.

మర్నాడు నా ఎదురుగానే ఫోన్ చేశాడు.

"పాత సరుకండీ, గురువుగారూ. సప్లై మోసం చేసింది."

గుమ్మంలో బట్టలు మడతపెడుతున్న నూకరత్నం తలెత్తింది. "సప్లై మోసం సేసిందా? మరా కండువా ఎవులేసినారు? అదే లెగిసి కప్పుకున్నాదేటి?"

"ఊరుకోయే, పెద్దోలతో మాట్లాడతన్నాను!"

జట్టులోంచి అతని పేరు తీసేశారు. కొన్నాళ్లు అతను డాబా ఎక్కలేదు. ఎక్కిన రోజున నా వైపు చూడకుండా, నా మీద జానెడు ఎత్తున ఒక ఇనప జల్లెడ బిగించాడు. దాని కింద ఎవరూ ఏదీ పెట్టలేరు. పట్నాయక్ గారికి మాత్రం మళ్లీ ఫోన్ చెయ్యలేదు, నిజం చెప్పలేదు. మరుసటి దసరాకి దండ నా కాళ్ల దగ్గర పెట్టి, కండువా తన భుజం మీదే ఉంచుకుని, దూరం నుంచి దండం పెట్టాడు.

ఇక చివరి లెక్క. నేనిచ్చిన చదును ఎవరూ దాచుకోలేదు, అది ఇచ్చిన క్షణానికే ఖర్చు. పట్నాయక్ గారి దగ్గర నా పేరు పోయింది, అది తిరిగి వచ్చేలా లేదు. కోపం మిగిలే ఉంది, దాన్నీ వేడితోపాటే వదులుతున్నాను. మొత్తం మీద నాకు వచ్చింది ఒక్కటే: నా నెత్తిమీద జానెడు ఖాళీ.