పసుపు తిన్న తలుపు

నేను ఒక తలుపును. ఇంటి తలుపును కాను, అలాగని పూర్తిగా బండి తలుపును కూడా కాను. గోడకు చెవులుంటాయని చెప్పుకునే మీరు తలుపుకు ఏముంటాయో ఎప్పుడూ ఆలోచించలేదు కనుక, నా సంగతి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు మడతబందులు లేవు. పైన ఒకటి, నడుము దగ్గర ఒకటి, కింద ఒకటి, మూడు పట్టాల మీద చిన్న చక్రాలతో పక్కకు జరుగుతాను. ఈ ఒక్క ముక్క అర్థం కాక నన్ను తమవైపు గుంజి గుంజి పిడి ఊడదీసినవాళ్ళు ఈ దేశంలో చాలామందే ఉన్నారు.

పుట్టింది చలి దేశంలో. పెద్ద యంత్రమొకటి రేకును ఒక్క నొక్కు నొక్కితే నా రూపం వచ్చింది. నన్ను తగిలించిన వ్యాన్‌లో మంచం, పొయ్యి, బట్టల అర అన్నీ అమర్చారు. ఇల్లున్నవాళ్ళు ఇల్లొదిలి తిరగడానికి ఇంకో బుల్లి ఇల్లు కట్టించుకోవడం మనుషుల విడ్డూరాల్లో నేను చూసిన మొదటిది. జుట్టు పెంచుకున్న ఒక జంట మమ్మల్ని కొని, శాంతిని వెతుక్కుంటూ కొండలూ ఎడారులూ దాటి మద్రాసు దాకా వచ్చారు. దారి పొడుగునా పోట్లాడుకున్నారు. పోట్లాడిన ప్రతిసారీ ఎవరో ఒకరు దిగి నన్ను దభాలున వేసేవారు. శాంతి దొరికిందో లేదో తెలియదు కానీ మద్రాసులో బండి అమ్మేసి చెరో దారి పట్టారు.

తర్వాత ఒక బేకరీ ఆయన మంచం పీకించి రొట్టెల ట్రేలు పెట్టించాడు. ఊరంతా నా గుండా రొట్టెలు తిన్నది గానీ, ఒక్కరైనా నా ముఖం చూసింది లేదు. ఆయన వ్యాపారం మూతబడ్డాక ఆయన పెరట్లో కోళ్ళు బండి లోపల గుడ్లు పెట్టాయి. కోళ్ళ మీద నాకు కోపం లేదు. అవి నన్ను గుంజలేదు.

అక్కడికి వచ్చాడు శంభులింగాచారి. చీరాలలో హార్మోనియంలు బాగుచేసే మనిషి. నాటక సమాజాలు, భజన మందిరాలు, చర్చిలు, ఎక్కడ పెట్టె మూగబోయినా ఆయన్నే పిలిచేవారు. పెట్టెను మోసుకురావడం వాళ్ళకు కష్టం కనుక తనే బండి కట్టుకుని పోదామని ఆయన ఆలోచన. పిల్లల్లేరు. భార్య కామాక్షమ్మ, తనూ కలిసి ఊరూరూ తిరగొచ్చు. బండిలోకి మళ్ళీ మంచం వచ్చింది, పొయ్యి వచ్చింది. డ్రైవరు సీటు వెనక చెక్క గోడ కట్టాడు. వెనక తలుపుకు అడ్డంగా పనిముట్ల బీరువా బిగించాడు. దాంతో ఆ గదిలోకి పోవాలంటే నేను ఒక్కదాన్నే దారినయ్యాను. నాకు కాస్త గర్వం వచ్చిన మాట నిజం.

కామాక్షమ్మ మొదటిసారి ఎక్కుతూ నా కిందున్న మెట్టు దగ్గర ఆగిపోయింది.

"గడప బోసిగా ఉందండీ."

"గడపేంటే, బండికి?"

"పొయ్యుంది, పక్కుంది, సాయంత్రానికి దీపం పెడతాను. ఇల్లు కాకపోతే మరేంటిది?"

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఈ ఇల్లాలు శుక్రవారం రాగానే చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్టునూ, నా అంచునూ కడిగింది. గిన్నెలో పసుపు కలిపి మూడు వేళ్ళతో ఈ కొసనుంచి ఆ కొసదాకా రాసింది. మధ్యమధ్య కుంకుమ బొట్లు పెట్టింది. నాకు ఊపిరి లేదు గానీ, ఉంటే ఆ పూట బిగపట్టేదాన్ని. అన్ని దేశాలు దాటి వచ్చానా, నన్ను తీసినవాళ్ళూ వేసినవాళ్ళే గానీ స్నానం చేయించి బొట్టు పెట్టినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

ఆ తర్వాత శుక్రవారం ఏ ఊళ్ళో వచ్చినా సరే, చర్చి ఆవరణలో ఆగినా సరే, నాకు పసుపు తప్పలేదు. ఒక పాస్టరు గారు చూసి నవ్వి, తమ బావి నీళ్ళే తోడి ఇచ్చారు.

ఆచారికి ఒక చెడ్డ అలవాటుండేది. పని ముగించుకుని వచ్చి సరిగ్గా ఆ మెట్టు మీదే కూర్చుని టీ తాగేవాడు. లోపల్నుంచి ఆవిడ కేకేసేది.

"లేవండి. గడపమీద కూర్చోకూడదని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"లేస్తున్నాలే."

లేచేవాడు కాదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా "లేస్తున్నాలే" అంటూనే ఉండేవాడు. ఆవిడా అంటూనే ఉండేది. వాళ్ళ కాపురంలో సగం మాటలు అవే అంటే అబద్ధం కాదు. ఆయన నిజంగా లేచి ఉంటే ఆవిడకు తోచేది కాదని నా అనుమానం.

ఇందులో ఇంకో సంగతి ఉంది. కడిగిన నీళ్ళన్నీ ఎటు పోతాయి? నా కింది పట్టాలోకి పోయేవి. దానికి పైన సందు ఉంది గానీ కింద దారి లేదు. నీళ్ళు నిలిచి, పసుపు పేరుకుని, దానికి చీరాల ఉప్పుగాలి తోడై, నా పాదాలు లోపల్లోపల తుప్పు పట్టడం మొదలైంది. నేను కీచుమని మొత్తుకునేదాన్ని. ఆచారి చెవి పెట్టి వినేవాడు. "ఇవాళ తలుపు నిషాదం పలుకుతోందే," అని మురిసిపోయి పై పట్టాలో నూనె చుక్క వేసేవాడు. ఊళ్ళో శ్రుతులన్నీ సరిచేసే మనిషికి తన తలుపు ఎక్కడ ఏడుస్తోందో తెలియలేదు.

ఒక శుక్రవారం, బండి చీరాలలో వాళ్ళ ఇంటి ముందు ఆగి ఉండగా, కామాక్షమ్మకు ఆయాసం ఎక్కువైంది. గుంటూరు పెద్దాసుపత్రికి పోదామని ఆచారి ఆటో పిలుచుకొచ్చాడు. ఆవిడ అప్పుడే గడప కడిగింది. పసుపు గిన్నె లోపల పెట్టి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ నన్ను లాగి వేసింది.

"ఉండండి, తలుపేసి వస్తున్నా," అంది.

ఆవిడ గొంతు నేను విన్నది అదే ఆఖరు.

కర్మకాండ అంతా అయ్యాక ఆచారి వచ్చి నా పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. తుప్పు ఉబ్బి కింది చక్రాన్ని పట్టేసింది, నా చేతుల్లో ఏమీ లేదు. ఆయన "అలిగినట్టుంది," అని గొణుక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ చెయ్యి వేయలేదు. హార్మోనియంల పని కూడా మానేశాడు. ఎవరైనా పెట్టె తెస్తే చేతులు వణుకుతున్నాయని తిప్పి పంపేవాడు. నేను చూశాను, వణకవు.

వానాకాలాలు వచ్చాయి, పోయాయి. లోపల తాడు మీద ఆవిడ ఆరేసిన చీర అలాగే ఉంది. బయట రేకుల పంచ కింద ఆయన కుర్చీ ఉంది. మధ్యలో నేను. తలుపన్నాక తియ్యడానికో వెయ్యడానికో ఎవరో ఒకరు ముట్టుకోవాలి. ఎవరూ ముట్టుకోని తలుపు గోడతో సమానం. నేను గోడనైపోయాను. దిగులంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

పక్క వీధి దస్తగిరి ఒకప్పుడు బస్సులకు బాడీలు కట్టినవాడు. ఆచారిని చూసిపోదామని వచ్చి, నా కింది అంచు మీద బొటనవేలుతో నొక్కాడు. వేలు లోపలికి పోయింది.

"ఆచారి గారూ, తుప్పు తినేసిందండీ. ఇంకో పెద్ద వాన కొడితే నీళ్ళు గదిలోకి పోతాయి. అమ్మగారి సామానంతా పాడైపోద్ది."

ఆచారి కుర్చీలోంచి లేచాడు.

"కట్టరు తెస్తాను, కోసేద్దాం. ఎంతసేపు? తర్వాత ఓ రేకు బిగిద్దాం."

"కోస్తే ఇక తలుపుండదుగా?"

"ఉండదు. ఈ తలుపు ఇప్పుడెక్కడ దొరుకుద్దండీ?"

"అప్పుడది గది కాదు దస్తగిరీ, డబ్బా. ఆవిడ తన చేత్తో వేసిపోయిన తలుపు. తియ్యాలి గానీ కొయ్యకూడదు."

"పోనీ అద్దం పగలగొట్టి దూరితే?"

"దొంగల్లాగానా, మా ఇంట్లోకి?"

ఆచారి మర్నాడే పని మొదలుపెట్టాడు. కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి, హార్మోనియంలో నూనె వేసే సన్న ముక్కు డబ్బాతో నా కింది పట్టాలోకి చుక్కచుక్కగా వదిలాడు. నానబెట్టాడు. చిన్న చెక్క సుత్తితో నా అడుగున అంగుళం అంగుళం కొట్టి చెవి ఆనించి విన్నాడు. రేకు గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, తుప్పున్నచోట మొద్దుగా పలుకుతుంది. సుద్దముక్కతో గీత గీసుకుంటూ పోయాడు. మేలుకున్నది మొదలు భోజనం దాకా ఇదే పని. అన్నేళ్ళు పై పట్టాలో నూనె వేసిన మనిషి చెవి చిట్టచివరికి నా పాదాల దగ్గరికి వచ్చింది. ఆలస్యంగానైనా వచ్చిందని సంతోషించాలో, ఇంత ఆలస్యమైందని ఏడవాలో నాకు పాలుపోలేదు.

ఒకరోజు చక్రం కిర్రుమంది. బొటనవేలు దూరేంత సందు తెరుచుకుంది. ఆ సందులోంచి లోపలి గాలి వచ్చింది, కర్పూరం, పాత బట్టలు, వాము కలిసిన వాసన. ఆచారి పిడి వదిలేశాడు. ముఖం ఆ సందుకు ఆనించి అలాగే ఉండిపోయాడు. ఇంకొంచెం లాగితే నేను పూర్తిగా వచ్చేదాన్ని. లాగలేదు. సందుకు గోనెపట్టా అడ్డం పెట్టి వెళ్ళిపోయాడు. వాసన అయిపోతుందని భయమనుకుంటా.

మర్నాడు దస్తగిరి తోడొచ్చాడు. ఇద్దరూ కలిసి నన్ను పూర్తిగా తీశారు. తాడు మీద చీర, పొయ్యి మీద బోర్లించిన పాలగిన్నె, మూలన పసుపు గిన్నె. అందులో పసుపు ఎండి బీటలు వారింది. ఆ ఎండిన పసుపులో మూడు వేళ్ళ చారలు. ఆచారి గిన్నె చేతిలోకి తీసుకుని ఆ చారల్లో తన మూడు వేళ్ళూ పెట్టి చూశాడు. ఆయన వేళ్ళు లావు, పట్టలేదు.

నన్ను పట్టాల చివరికి జరిపి ఎత్తి నులకమంచం మీద పడుకోబెట్టారు. పట్టాను గీకితే పసుపు పచ్చటి మట్టి పెళ్ళలుగా ఊడింది, పొర మీద పొర. దాని కింద రేకు లేదు, ఉత్త తుప్పు.

"పసుపునీళ్ళండీ," అన్నాడు దస్తగిరి. "నిలవుండిపోయి తినేశాయి. ఎన్నేళ్ళు పోశారో అమ్మగారు."

ఆచారి ఒక పెళ్ళ చేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇల్లు చల్లగా ఉండాలని పోసింది," అన్నాడు. "ఆ ఇంటికే తాళం పడింది."

కుళ్ళిన అంచు కోసేశారు. కొత్త రేకు అతికారు. నాకు నొప్పి తెలియలేదు గానీ, పసుపు మరకలున్న ఆ పాత ముక్క నేలమీద పడిన చప్పుడు మాత్రం ఇంకా గుర్తుంది. ఆచారి దాన్ని తుక్కులో వేయనివ్వలేదు. లప్పం పెట్టారు, ఎర్ర ప్రైమరు కొట్టారు, నా పాత లేత నీలం రంగే వెతికి తెచ్చి వేశారు. చుట్టూ కొత్త రబ్బరు. చక్రాలు ఇత్తడివి, ఆచారి తనే సానపట్టాడు. ఆఖరున దస్తగిరి కింది పట్టాకు వరసగా బెజ్జాలు వేశాడు.

"ఇహ చూడండి ఆచారి గారూ, బిందెడు నీళ్ళు పోసినా చుక్క నిలవదు."

అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఇప్పుడు నేను ఒక్క వేలితో జరుగుతాను. కీచుమనను. నిషాదం లేదు, ఏ స్వరమూ లేదు. దస్తగిరి ఇంటికి పోయాక ఆచారి నన్ను తీసి వేసి, తీసి వేసి చూశాడు. ఏదో వినపడుతుందని చెవి ఒగ్గాడు. వినపడలేదు. పని బాగా కుదిరింది మరి.

తర్వాత శుక్రవారం ఆయన చిన్న డబ్బాతో పసుప్పచ్చ ఎనామిలు తెచ్చాడు. ఈమధ్య ఊళ్ళో గడపలన్నిటికీ అదే కదా, పసుపు బదులు రంగు, కుంకుమ బదులు ఎర్ర చుక్కలు. రోజూ చేసే శ్రమ తప్పుతుందని. గడపకు పసుపు రాయడం ఆడవాళ్ళ పని అనుకున్నాడో, ఆ గిన్నెలో పసుపు కదపడం ఇష్టం లేకో, కుంచెతో జాగ్రత్తగా కొసనుంచి కొసదాకా వేశాడు. వరసగా ఎర్ర చుక్కలు పెట్టాడు. చక్కగా ఉంది. కడిగినా పోదు, ఎండినా రాలదు. మళ్ళీ రాయాల్సిన అవసరం ఏ శుక్రవారమూ రాదు. అదే నా బాధ. తుప్పు పట్టినా సరే, ఒక్క తడి చెయ్యి తగిలితే బాగుండునని నాకుంది. ఇంత మంచి పని చేసిన మనిషికి ఆ మాట ఎలా చెప్పను?

రంగు ఆరాక ఆచారి టీ పెట్టుకుని వచ్చాడు. పంచ కింద కుర్చీ ఖాళీగానే ఉంది. దాని వంక చూసి, వచ్చి గడప మీద కూర్చున్నాడు. నా అంచుకు వీపు ఆనింది. రెండు గుక్కలు తాగాడు. గ్లాసు పట్టుకుని లోపలివైపు చెవి పెట్టి కూర్చున్నాడు. చీర తాడు మీద కొంచెం ఊగింది, గాలికి. ఎవరూ ఏమీ అనలేదు.

టీ ఇంకా సగం ఉంది.

"లేస్తున్నాలే," అన్నాడు ఆచారి.

లేచాడు.