ఐసు చేతులు

పొద్దున్న ఆరున్నరకి రొయ్యల షెడ్డు గేటు దగ్గర బ్రహ్మాజీ ఒక్కొక్క ఆడమనిషి చెయ్యీ పట్టుకుని చూస్తాడు. చల్లగా ఉంటే రిజిస్టర్లో టిక్కు పెట్టి లోపలికి పంపుతాడు. వెచ్చగా ఉంటే, "ఇంకా కొత్త చెయ్యేనమ్మా, రొయ్య పాడైపోతుంది" అని బయట బుట్టలు కడిగే పనికి పంపుతాడు. రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్ళే రోడ్డు మీదున్న ఆ షెడ్డులో, ఐసు తొట్టి ముందు నిలబడి రెండేళ్ళు రొయ్యలు ఒలిస్తే చేతుల్లో వేడి పోతుంది. తర్వాత ఎండలో పెట్టినా, పొయ్యి దగ్గర కాచినా రాదు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఇది ఎవరికీ వింత కాదు. ఆ చేతులు తగిలితే పాలు తోడుకోవని తోడుపెట్టే పని మొగుళ్ళకి అప్పజెబుతారు. ఎవరింట్లో జ్వరం వచ్చినా షెడ్డు ఆడవాళ్ళని పిలుస్తారు. వాళ్ళు నుదుటి మీద చెయ్యి వేస్తే జ్వరం ఆ చేతిలోకి దిగుతుంది. ఆ పూటకి చెయ్యి కాస్త వెచ్చబడుతుంది, తెల్లారేసరికి మళ్ళీ మామూలే.

బ్రహ్మాజీ అక్క మాణిక్యం పదకొండేళ్ళుగా అక్కడే ఒలుస్తోంది. సముద్రం మీద చేపల వేటకెళ్ళిన తండ్రి తిరిగి రాకపోతే, తమ్ముణ్ణి బాపట్లలో డిగ్రీ చదివించింది ఆవిడే. ఆ డిగ్రీ చూసే అతణ్ణి సూపర్‌వైజరుగా తీసుకున్నారు. రోజూ అక్క చెయ్యి కూడా పట్టుకుని చూసేవాడు. ఆ కాసేపూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు.

వేసవి మొదట్లో ఆడవాళ్ళంతా ఒక అర్జీ రాయించారు. రబ్బరు గ్లవ్స్ కావాలి, రోజుకి రెండుసార్లు వేడినీళ్ళు కావాలి, కూర్చుని ఒలవడానికి బల్లలు కావాలి. యజమాని పాండురంగారావుది తెనాలి. కాగితం అందిన రోజే బ్రహ్మాజీని ఇంటికి పిలిపించాడు.

హాల్లో గోడ నిండా పుస్తకాలు. పాండురంగారావు కూర్చోమన్నాడు. బ్రహ్మాజీ కూర్చోలేదు.

"శ్రమ దోపిడీ గురించి నాకు చెప్పాలా బ్రహ్మాజీ? బాపట్లలో చదివేటప్పుడు ఎర్రజెండా పట్టుకుని మూడ్రోజులు లాకప్పులో ఉన్నాను. లాభం ఎవరి చెమటలోంచి వస్తుందో ఇప్పుడడిగినా రెండు గంటలు చెబుతాను. కానీ రొయ్య కొనే బయటి దేశాలవాళ్ళు ధర తగ్గిస్తుంటే నన్నేం చెయ్యమంటావు? ఇవాళ గ్లవ్స్ అంటారు, రేపు యూనియన్ అంటారు. మొదలుపెట్టింది ఎవరు?"

"అందరూ కలిసే రాయించారండి."

"అందరూ అంటే కుదరదు. పేర్లు చెప్పు. రేపో మాపో మేనేజరు కావలసినవాడివి."

బ్రహ్మాజీ నాలుగు పేర్లు చెప్పాడు. పావని, రాధారాణి, ఇంకో ఇద్దరు. నిజానికి అర్జీ రాయించింది మాణిక్యం. ఆ పేరు ఒక్కటీ చెప్పలేదు. తిరుగు బస్సులో, అక్కని కాపాడుకున్నాను కదా అనుకున్నాడు. ఎన్నిసార్లు అనుకున్నా ఆ మాట లోపల నిలబడలేదు.

మర్నాడు ఆ నలుగురికీ పని లేదని గేటు దగ్గర అతనే చదవాల్సొచ్చింది. నాలుగో పేరు అయ్యాక మాణిక్యం వరసలోంచి బయటికొచ్చింది.

"ఒక పేరు మర్చిపోయావురా" అంది. వెళ్ళి ఆ నలుగురితో పాటు గేటు పక్కన టార్పాలిన్ కింద కూర్చుంది.

పన్నెండు రోజులు అక్కడే కూర్చున్నారు. బ్రహ్మాజీ వెనక గేటు నుంచి రాకపోకలు మొదలుపెట్టాడు.

పదమూడో రోజు పొద్దున్న పాండురంగారావు ఫోన్ చేశాడు. ఆరేళ్ళ మనవరాలు లిఖితకి మూడ్రోజులుగా జ్వరం. మందులు వేసినా దిగడం లేదు. "మన షెడ్డు ఆడవాళ్ళలో ఒకరిని తీసుకురా. మా ఆవిడ ఒకటే పోరు. కారు పంపుతున్నాను."

లోపల ఒలుస్తున్నవాళ్ళని అడిగితే, "బయట ఎండలో ఉన్నవాళ్ళని అడుగు. వాళ్ళు వెళ్ళమంటే వెళతాం" అన్నారు.

బ్రహ్మాజీ టార్పాలిన్ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఏంటన్నా, ఇంకా ఎవరి పేరన్నా మిగిలిందా?" అంది పావని.

తల దించుకుని సంగతి చెప్పాడు. రాధారాణికి మండిపోయింది. "గ్లవ్స్ ఇస్తానంటేనే వస్తామని చెప్పు."

మాణిక్యం అప్పటికే లేచి చీర దులుపుకుంటోంది. "పిల్ల జ్వరం మీద బేరమాడొద్దు రాధా. బేరం ఆయనతో ఉంది, అది ఉండనే ఉంటుంది."

తెనాలిలో మాణిక్యం లిఖిత మంచం పక్కన నిలబడి రెండు చేతులూ ఆ పిల్ల నుదుటి మీదా మెడ మీదా మార్చి మార్చి వేసింది. మూడు గంటలు. మధ్యాహ్నానికి పిల్లకి చెమట పట్టింది. కళ్ళు తెరిచింది.

"ఆంటీ, నీ చేతులు ఎందుకింత చల్లగా ఉన్నాయి?"

"మీ తాతగారి దగ్గర పని చేస్తానమ్మా."

పాండురంగారావు భార్య రంగమ్మ గబగబా కుర్చీ లాగి, "కూర్చోమ్మా" అంది. అన్నాక, ఇంతసేపూ ఆవిణ్ణి ఎవరూ కూర్చోమనలేదని తట్టి కళ్ళు దించుకుంది. బయటికొచ్చాక పాండురంగారావు మాణిక్యం వైపు చూడకుండా బ్రహ్మాజీతోనే అన్నాడు. "ఆ నలుగుర్నీ రేపట్నుంచి రమ్మను. మిగతావి... చూద్దాం."

తిరుగు దారిలో భట్టిప్రోలు దగ్గర అక్కాతమ్ముళ్ళు టీకి ఆగారు. మాణిక్యం గ్లాసు అందుకుని ఉలిక్కిపడింది. "కాలుతోందిరా!" అని నవ్వింది. మళ్ళీ పట్టుకుని, ఆ వేడి గ్లాసుని చెంపకి ఆనించుకుని ఏడ్చింది. "అక్కా, ఆ పేర్లు..." అనబోయాడు బ్రహ్మాజీ. అంతలోనే లేచి టీ డబ్బులివ్వడానికి వెళ్ళాడు.

మర్నాడు నలుగురూ వరసలో ఉన్నారు. నలుగురివీ చల్లని చేతులే. చివర మాణిక్యం చెయ్యి చాపింది. వెచ్చగా ఉంది. ఆ పిల్ల జ్వరం అంత పెద్దదైనందుకో ఏమో, తెల్లారినా వేడి పోలేదు.

"వెచ్చగా ఉంది" అన్నాడు మెల్లిగా.

"అయితే బుట్టలు కడగమంటారా, ఇంటికెళ్ళమంటారా సూపర్‌వైజరు గారూ?"

సొంత అక్క నోట ఆ గారూ వినేసరికి ఇక దాచలేకపోయాడు. వరసంతా వినేలా అన్నాడు. "ఆ నాలుగు పేర్లూ ఇచ్చింది నేనే. అక్క పేరు దాచాను."

"ఆ రోజే తెలుసన్నా" అంది పావని. "నువ్వు నీ నోటితో చెప్పేదాకా ఏమీ అనొద్దని మీ అక్క అంది. అందుకే ఊరుకున్నాం."

బ్రహ్మాజీ రిజిస్టరు మూసి స్టూలు మీద పెట్టాడు. ఆ పూట ఎవరి చెయ్యీ ఎవరూ చూడలేదు.

"ఇవాళ సోమవారం. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు" అంది మాణిక్యం. "నాకిక్కడ పని లేదు కదా, వెళ్ళి ఇచ్చొస్తాను." రేపల్లె వెళ్ళి బాపట్ల బస్సెక్కింది.

బ్రహ్మాజీ లోపలికెళ్ళి అక్క ఖాళీ చేసిన చోట నిలబడి ఐసులో చేతులు పెట్టాడు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. అరగంటకి వేళ్ళు తెలియకుండా పోయాయి. ఒలిచిన రొయ్యలన్నీ నలిగిపోయాయి.

అర్జీ మీద ఆఫీసరు వచ్చేసరికి నెల పట్టింది. గ్లవ్స్ వచ్చేసరికి ఇంకో మూడు నెలలు. అప్పటికే, ఆ రోజు నుంచీ రోజూ ఐసులో ఒలుస్తున్న బ్రహ్మాజీ వేళ్ళ కొసలు చల్లబడ్డాయి. ఆ సంగతి అక్కకి తెలియకూడదని, ఆవిడ ఇంటికెళ్ళినప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చునేవాడు.

ఒకరోజు మాణిక్యం పొగలు కక్కే అన్నం, చేపల పులుసు వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతను కదల్లేదు.

"అన్నం కలుపుకోవాలంటే చెయ్యి బయటికి తియ్యాలి కదరా" అంది.