ముప్పయ్యో నక్షత్రం

హాజరు చార్టు ఆలోచన నాదే. రోజూ బడికొచ్చి చివరి గంట దాకా కూర్చున్న పిల్లలకి ఒక్కో నక్షత్రం. ముప్పై రోజులు వరసగా నిండితే నక్షత్రాల కార్డు ఇంటికి తీసుకెళ్లొచ్చు. మధ్యలో వెళ్లిపోతే వరస తెగినట్టే, ఎవరికీ మినహాయింపు లేదని మొదటిరోజే గట్టిగా చెప్పాను. రెండు వారాల్లో మూడో తరగతి బెంచీలన్నీ నిండాయి. హెడ్మాస్టరు మెచ్చుకున్న రోజు నా కాళ్లు నేలమీద నిలవలేదు.

బుడంకాయ అని అందరూ పిలిచే పిల్ల ఒకతుండేది. అంతకుముందు వారానికి మూడు రోజులు ఎగ్గొట్టేది. జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్న వాళ్లమ్మ మంచం పక్కన కూర్చునేదట. చార్టు పెట్టాక ఒక్కరోజు కూడా మానలేదు. కార్డు అమ్మకి చూపిస్తానని కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంది, దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఆసుపత్రి నుంచి పిల్లని లాక్కొచ్చానని గర్వపడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ముప్పయ్యో రోజు మధ్యాహ్నం వాళ్ల పిన్ని వచ్చింది. చెప్పులు విప్పడం కూడా మరిచి గుమ్మంలో నిలబడి, అక్క పిల్లని చూడాలంటోందని మెల్లగా చెప్పింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చూశాను, చూసి కూడా అడగలేదు.

బుడంకాయ బెంచీ పట్టుకుని వదల్లేదు. "ఇంకొక్క గంటేగా పిన్నీ. ఇప్పుడొస్తే వరస తెగిపోతుంది" అంది.

పిన్ని నావైపు చూసింది. నలభై మంది పిల్లలూ చూశారు. ఒకరికి సడలిస్తే రేపు అందరూ వంకలు పట్టుకొస్తారనిపించింది. ఒక్క గంట ఆగమని నేనే చెప్పాను. ఆమె కాదనలేక వరండాలో కూర్చుంది.

గంట కొట్టాక ముప్పయ్యో నక్షత్రం అంటించాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. బుడంకాయ కార్డు గుండెకి హత్తుకుని పిన్నికంటే ముందు పరిగెత్తింది.

వాళ్లు వెళ్లేసరికి తల్లి పోయి అరగంటయింది. చివరిదాకా తలుపు వైపే చూసిందని ఆసుపత్రిలో నర్సు అందట, పిన్ని తరువాత చెప్పింది. నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది.

పదిహేను రోజులకి బుడంకాయ బడికొచ్చింది. రోజంతా నోరు విప్పలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక నా బల్ల దగ్గరికొచ్చింది.

"టీచర్, ఆ రోజు నేను పిన్నితో వెళ్లిపోయుంటే నక్షత్రం ఇచ్చేవారు కాదు కదా?"

ఇచ్చేదాన్ని కాదని చెబితే దాని మనసు కాస్త కుదుటపడేదేమో. కానీ నిజం అది కాదు. అందరూ వెళ్లాక చాటుగా అంటించి ఉండేదాన్ని, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

"ఇచ్చేదాన్నమ్మా" అన్నాను.



"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు టీచర్?"

కోపంగా కాదు. పాఠంలో అర్థంకానిది అడిగినట్టే అడిగింది.