ఒక ఇంట్లో ఇద్దరు కనకరత్నాలు

మా అబ్బాయి ఉదయ్ ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేస్తున్నాడు. నేను మా అమ్మాయి సత్యశ్రీ దగ్గరికి మధురవాడ వెళ్ళిపోతున్నాను. వెళ్ళేలోగా నా కాగితాలన్నీ ఒక ఫైల్లో సర్ది ఇస్తానని, వాడు పదిరోజుల క్రితం నా దిండు గలీబు పట్టుకుపోయాడు. నా కాగితాలన్నీ దాంట్లోనే ఉంటాయి.

సోమవారం పొద్దున్న షిఫ్టు దిగి వచ్చి ఫైలు నా చేతిలో పెట్టాడు. ప్లాస్టిక్ కవర్లు, కవరుకో చీటీ. ఆధార్, ఓటరు కార్డు, వాళ్ళ నాన్న పోయినప్పటి సర్టిఫికెట్, పెన్షన్ కాగితాలు. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాను. యాభై రెండో ఏట నేర్చుకున్న చదువు, తొందరగా సాగదు. చివరి కవరు దాకా వెళ్ళాను. పద్మనాభంలో మా నాన్న నాకు రాసిచ్చిన ముప్పై సెంట్ల పొలం పాసుపుస్తకం లేదు.

"పొలం పుస్తకం ఏదిరా?"

"నాయనమ్మదా? ఊళ్ళో సచివాలయంలో ఇచ్చీసేను. నాయనమ్మ డెత్ సర్టిఫికెట్ జతచేసి, వారసుల పేరు మీదకి మార్చమని అర్జీ పెట్టేను. నువ్వెళ్ళేలోగా అన్నీ తేలిపోవాలి గదా."

మెచ్చుకుంటాననుకున్నాడు కాబోలు, టీ అడిగాడు.

మా అత్త పేరు కనకరత్నం. నా పేరూ కనకరత్నమే. ఆవిడ మా నాన్నకు సొంత అక్క. ఇద్దరికీ మా ముత్తవ్వ పేరే పెట్టారు. నేను కాపురానికి వెళ్ళిన రోజునే, అత్తగారి పేరు పెట్టి కోడల్ని పిలిస్తే ఆవిడను పిలిచినట్టుంటుందని, తిడితే ఆవిడను తిట్టినట్టుంటుందని, నాకు రాణి అని పేరు మార్చారు. రేషన్ కార్డులో రాణి. ఓటరు లిస్టులో రాణి. ఆధార్‌లో రాణి. పుట్టినప్పటి పేరు మిగిలింది ఆ పాసుపుస్తకంలోనే.

"కనకరత్నమంటే నానురా."

వాడు నవ్వాడు. "నువ్వు రాణివి కదమ్మా."

నలభై ఎనిమిదేళ్ళు వాడికి. పెళ్ళాం బ్లడ్ గ్రూపు కంఠతా వచ్చు. కన్నతల్లి పేరు తెలియదు. నా చేతిలో ఉన్న ఫైలుతో వాడి వీపు మీద ఒకటి వెయ్యాలనిపించింది.

"వారసులని ఎవరెవర్ని రాసేవు?"

"నాన్న బదులు నన్ను, మంగత్తని. అత్త సంతకం కూడా పెట్టీసింది. రేపే విచారణ."

టీ గిన్నె దించేసి పొయ్యి ఆర్పాను. మంగాయమ్మ నా భర్తకు అక్క. అంతకుముందు నాకు మేనత్త కూతురు. మా పెళ్ళి కాకముందు ప్రతి వేసవికీ మా ఇంటికొచ్చి, నా కంచంలో చెయ్యి పెట్టి తింటూ, నన్ను కనకం, కనకం అని పిలిచేది. వీడికి తెలియదు, సరే. ఆవిడకు తెలియదా?

మర్నాడు పద్మనాభానికి రెండు బస్సులు మారాం. ఆనందపురంలో వాడు వేరుసెనగ పొట్లం కొనిచ్చాడు. ముట్టుకోలేదు.

సచివాలయంలో వీఆర్వో రమణమూర్తి బల్ల ముందు మంగాయమ్మ అప్పటికే కూర్చుని ఉంది. పెళ్ళికొచ్చినట్టు పట్టుచీర కట్టుకుంది.

"ఏటి రాణీ, మోకాళ్ళ నొప్పులని ఇంత దూరం నువ్వెందుకొచ్చేవు?"

"సచ్చిపోయేనంట గదా వదినా. సూసి పోదామని వొచ్చేను."

రమణమూర్తి తలెత్తాడు.

"నాకేటి తెల్సు," అంది మంగాయమ్మ. "నీ కొడుకు కాయితం తెచ్చేడు. మాయమ్మ పేరుంది, సంతకం పెట్టేను."

"పేరు పక్కన తండ్రి పేరు సూళ్ళేదా? జగ్గయ్య అనుంది. జగ్గయ్య మీయమ్మకి తమ్ముడు. తమ్ముడు అక్కకి తండ్రెప్పుడయ్యేడు?"

ఉదయ్ తల వంచుకున్నాడు. రమణమూర్తి పుస్తకం తిరగేశాడు.

"నాకూ అక్కడే అనుమానం వచ్చి విచారణ పెట్టేను. కానీ మీ కార్డులన్నీ రాణి పేరు మీదున్నాయి. కనకరత్నం మీరేనని పాతవాళ్ళెవరైనా చెప్పాలి కదండీ."

మా అమ్మ లేదు. అన్నయ్య లేడు. ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళలో బతికున్నది ఒక్క మంగాయమ్మే.

"సెప్పొదినా. నా పేరేటి?"

"రాణి."

"మాయమ్మ పెట్టిన పేరు."

ఆవిడ కొంగు సర్దుకుంది. "తల్లి పేరు పెట్టి ఎలా పిలుత్తారు? నోరెలా వొత్తాది?"

"సంతకానికి సెయ్యెలా వొచ్చింది?"

"అత్తా, సెప్పీ," అన్నాడు ఉదయ్.

"సెప్పకపోతే మానీ," అన్నాను. "తెలిసే దొంగ కాయితం మీద సంతకం పెట్టేవని ఇక్కడే అర్జీ రాత్తాను. రాయడం వొచ్చు నాకు."

మంగాయమ్మ కిటికీ వైపు తిరిగింది. "ఇదే. కనకం."

"పూర్తిగా."

"కనకరత్నం. జగ్గయ్య మావ కూతురు. ఆ పొలం దీందే. సాలా?"

చాలలేదు. కానీ రమణమూర్తి రాసుకున్నాడు. ఆవిడ చేత కిందన సంతకం పెట్టించాడు. పాత అర్జీ వద్దని ఒక కాగితం కావాలన్నాడు. ఉదయ్ కలం తీశాడు.

"నువ్వు రాసింది సాలు," అని లాక్కున్నాను.

పావుగంట పట్టింది. 'ఈ పుస్తకంలో ఉన్న కనకరత్నం చనిపోలేదు. ఈ అర్జీ రాస్తున్నది ఆవిడే' అని రాసి సంతకం చేశాను. పక్కన రాణి అని కూడా రాయమన్నాడు రమణమూర్తి. రాయకపోతే, ఆధార్‌లో పేరు మారేదాకా పుస్తకం ఆఫీసులోనే ఉంటుందన్నాడు.

"ఉండనీండి. మార్పించుకునే వొత్తాను."

"మీ అబ్బాయి మళ్ళీ మళ్ళీ తిరగాలండీ."

"తిరగనీండి."

బయట మంగాయమ్మ మెట్ల మీద చెప్పులు వేసుకుంటోంది. "అన్నం తినెళ్ళు, రాణీ," అంది.

ఉదయ్ నా ముఖం వైపు చూశాడు. నేను పలకలేదు.