దిబ్బ చుట్టూ పరుగు

వెంకటనరసమ్మ పొయ్యి మీద టీ మరుగుతుండగానే మెడ సాచి రోడ్డువైపు చూసింది. వచ్చాడు. కింద కాలనీ మలుపులో బూడిదరంగు బనీనూ, మోకాళ్ళదాకా నిక్కరూ వేసుకుని, తల కాస్త పక్కకి వంచి పరిగెత్తుకొస్తున్నాడు. ఆమె గబగబా గిన్నె దించి, చెంగుతో చేతులు తుడుచుకుని, గుడిసె పక్కనున్న బండరాయెక్కి కూర్చుంది.

నల్లజర్ల దాటి లోపలికి వెళ్తే ఒక దిబ్బ మీద ఉంటుందా జీడిమామిడి తోట. దిబ్బ నడినెత్తిన కాపలా గుడిసె. అక్కణ్ణించి చూస్తే చుట్టూ తిరిగే ఎర్రమట్టి రోడ్డంతా కనిపిస్తుంది. కాలనీ దగ్గర బయల్దేరి నిలువుగా దిబ్బెక్కుతుంది. కంచె వెంబడి కొంతదూరం సాగి అవతలివైపు వాగు తూముదాకా దిగిపోతుంది. పామాయిల్ తోటల పక్కనుంచి ఇంకో దిబ్బెక్కి, తిరిగి కాలనీకే చేరుతుంది. పొద్దున్నపూట దానిమీద పాలబండి తప్ప ఏదీ తిరగదు. అలాంటి రోడ్డు మీద ఒక మనిషి రోజూ ఊరికే పరిగెడుతున్నాడంటే ఏమనుకోవాలి?

షుగరున్నవాళ్ళు నడుస్తారు. పోలీసు ఉద్యోగం కావలసిన కుర్రాళ్ళు పరిగెడతారు. ఇతనికి నలభై దాటే ఉంటాయి. పేరు జగ్గారావని, పామాయిల్ గెలలు లారీలకెత్తే కూలీ అని పాలబండివాణ్ణి అడిగి తెలుసుకుంది. పగలంతా బరువులు మోసేవాడికి మళ్ళీ ఈ పరుగెందుకు? ఏదో చూసుకుంటున్నాడు. ఎక్కడ కంచె తెగిందో, ఏ తోటలో కుక్క లేదో.

అనుమానించడం ఆమె బతుకుతెరువు. పూర్వం కొల్లేటి లంకల్లో ఆమె భర్త చేపలచెరువుల మీద కాపలా ఉండేవాడు. నీళ్ళలో చప్పుడైతే అది చేపో మనిషో చెప్పేవాడు. సర్కారు చెరువు గట్లు కొట్టేశాక ఇద్దరూ మెట్టకి వచ్చి రైతు వీర్రాజు తోటలో చేరారు. భర్త పోయాక అతని కాపలా కర్ర ఆమె చేతికొచ్చింది. పిల్లల్లేరు. మేకలవాడి చంకలో సంచీ, పుల్లలేరుకునే ఆడవాళ్ళ తట్టలూ, సర్వేకొచ్చిన ఉద్యోగస్తుడి బ్యాగూ అన్నీ ఆమెకి ఒకటే. ఒకసారి ఫొటోలు తీసుకోడానికొచ్చిన కొత్త పెళ్ళికొడుకు జేబులు దులిపించింది. నాలుగు జీడిపిక్కలు దొరికాయి కూడా.

జగ్గారావు ఎత్తు దగ్గరికొచ్చాడు. అక్కడ సైకిలువాళ్ళు దిగి నడుస్తారు. అతను మాత్రం అడుగులు చిన్నవి చేసి, నేలకేసి చూస్తూ, ఆగకుండా ఎక్కుతాడు. అతని రొప్పు బండరాయిదాకా వినిపిస్తుంది. ఆమె అతని చేతులు చూసింది. ఖాళీ. నిక్కరు జేబులు చూసింది. ఒంటికి అంటుకుని ఉన్నాయి. ఒకరోజు అతను బూటుతాడు కట్టుకోడానికి వంగితే కర్ర పట్టుకుని సగం దిబ్బ దిగొచ్చింది. ఇవాళ అదీ లేదు. కంచె దాటాడు, తూము దిగాడు, రెండో దిబ్బ మీద చిన్న చుక్కలా కనిపించాడు, కాలనీలోకి వెళ్ళిపోయాడు.

ఇవాళా ఏమీ దొరకలేదు. చల్లారిన టీ అసంతృప్తిగా తాగింది.

ఎండెక్కాక చెట్ల కింద రాలిన పళ్ళు ఏరి పిక్కలు తీస్తుంటే బళ్ళ చప్పుడైంది. ముందు వీర్రాజు దిగాడు. వెనక ఇద్దరు పాలేళ్ళు, వాళ్ళ మధ్య జగ్గారావు. పనిలోంచి లాక్కొచ్చినట్టున్నారు, చొక్కా చిరిగింది, కింది పెదవి వాచింది. అందరి వెనకా వీర్రాజు బావమరిది చంటి బండి ఆపాడు గాని దిగలేదు.

"అత్తా, రాత్రి మన పామాయిల్ తోటలో బోరుషెడ్డు దగ్గర మోటారు కేబులు కోసుకుపోయారు," అన్నాడు వీర్రాజు. అతను ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతాడు. "వీడు రోజూ దొంగచూపులు చూస్తా తిరుగుతున్నాడని పాలబండివాడితో చెప్పావంట కదా?"

"చెప్పానండి."

ఒక్క క్షణం ఆమె గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళ కాపలా వట్టిది కాదన్నమాట.

"నేనా షెడ్డుకేసి తలతిప్పి కూడా చూడలేదండీ," అన్నాడు జగ్గారావు.

ఆమె అలవాటుగా అతని చేతులు చూసింది. గెలల ముళ్ళు గీరుకుని ముంజేతులంతా మచ్చలు. ఆ చేతుల్ని ఎన్నో పొద్దుల్లో, ఏదో ఒకటి పట్టుకుంటాయని కాచుకుని చూసింది. అవి ఏదీ పట్టుకోలేదు. ఆ సంగతి తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"ఈయన కాదండి బాబూ," అంది. ఈయన అన్నందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. "రోజూ చూస్తానండి. ఎక్కడా ఆగడు. ఇవాళా వట్టిచేతుల్తోనే వెళ్ళాడండి."

"తెల్లారాక సంగతి ఎవరిక్కావాలి?" అన్నాడు చంటి బండి మీంచే. "కోసింది తెల్లారకముందు. ఇంకా అడుగుతావేంటి బావా, స్టేషన్లో అప్పజెప్పేద్దాం."

తెల్లారకముందు.

ఇవాళ ఆ వేళకి ఆమె లేచి పొయ్యిలోకి పుల్లలు విరుస్తోంది. షెడ్డువైపునుంచి ఒక బండి లైటు లేకుండా వచ్చి తోట కింద నుంచి వెళ్ళింది. వెన్నెల్లో ముందర గోనెసంచి కనబడింది. పొగగొట్టం పగిలిన ఆ బండి చప్పుడు ఆమెకి బాగా తెలుసు. చంటిబాబే, తోటకి నీళ్ళు పెట్టడానికొచ్చుంటాడు అనుకుని మళ్ళీ పుల్లలు విరుచుకుంది. ఇంటివాళ్ళని అనుమానించడం ఆమె కాపలాలో లేదు. ఆ కర్ర ఎప్పుడూ బయటివాళ్ళ కోసమే.

ఆమె చంటికేసి చూసింది. అతను రెప్పవెయ్యకుండా ఆమెనే చూస్తున్నాడు.

ఊరుకోవచ్చు. ఈ గుడిసె వాళ్ళది. తినే బియ్యం వాళ్ళవి. కాదని ఒకసారి చెప్పింది కదా, అది చాలు. పిక్కల తట్టలోకి చూసింది. అంతలో చెంపదెబ్బ వినిపించింది. పాలేరొకడు జగ్గారావుని మళ్ళీ కొట్టాడు. అతను చెయ్యి అడ్డంపెట్టలేదు. తన మాటే కదా అతని చెంప మీద పడింది, అనుకుంది ఆమె.

"తెల్లారకముందు షెడ్డు దగ్గర్నించి చంటిబాబు బండొచ్చిందండి," అంది. "లైటు వెయ్యలేదు. ముందర గోనెసంచి ఉందండి."

చంటి నవ్వాడు. "ముసల్దానికి మతిపోయింది బావా."

వీర్రాజు బావమరిదికేసి చూడలేదు. నమ్మకపోతే తప్పకుండా చూసేవాడే. కాసేపు జీడిచెట్టు ఆకొకటి తుంపుతూ నిలబడి, "వదిలెయ్యండ్రా. వెళ్ళనివ్వండి," అన్నాడు.

బళ్ళు వెళ్ళిపోయాయి. జగ్గారావు మిగిలాడు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది. పెదవి మండుతున్నట్టుంది, మెల్లగా తాగాడు.

"రోజూ మీరు ఆ రాయెక్కి చూస్తారని తెలుసండి మామ్మగారూ."

"దొంగవనుకునే చూశాను."

"అదీ తెలుసండి."

"మరి ఎందుకయ్యా ఆ పరుగు?"

అతను చెంబు కింద పెట్టి కాస్త సిగ్గుపడ్డాడు. "ఏముందండీ. ఆ కాసేపు ఎవరూ నన్ను ఏదీ ఎత్తమనరు."

ఆ జవాబు నిజమో కాదో ఆమె చాలాసేపు తేల్చుకోలేకపోయింది. అతను దిబ్బ దిగి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ వీర్రాజు ఒక్కడే వచ్చాడు. బండి దిబ్బ కిందే ఆపి నడిచొచ్చాడు.

"నీక్కూడా పెద్దతనం వచ్చింది కదత్తా. చూపు ఆనుతున్నట్టు లేదు. ఎవరి బండో చూసి ఎవరిదో అనుకున్నావు, పాపం. గుండుగొలనులో మీ చెల్లెలుంది కదా, అక్కడికెళ్ళి సుఖంగా ఉండు. సాయంత్రం బస్సుకి పాలేరు సామాను దింపుతాడులే."

"నా చూపు బాగానే ఉందండి బాబూ."

"ఉంటుందిలే అత్తా," అన్నాడు వీర్రాజు మెత్తగా, ఆమె ముఖంలోకి చూడకుండా.

సామానంటే ఒక ట్రంకుపెట్టే, రెండు గిన్నెలూ, దుప్పటీ. పాలేరు వాటిని బస్సులో పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని అలవాటుగా అందరినీ ఒకసారి చూసింది. పక్కసీటతని ఒళ్ళో సంచీ మరీ ఉబ్బెత్తుగా ఉంది. తన పెట్టె కాళ్ళ దగ్గరికి లాక్కుంది.

బస్సు భీమడోలు దారి పట్టాక మాగాయ గుర్తొచ్చింది. చెల్లెలికిద్దామని మొన్న మామిడికాయలు చెక్కుతీసి, కోసి, ఉప్పులో ఊరేసి, ఇవాళ పొద్దున్నే ఎండలో పెట్టింది. గుడిసె వెనకాల కదా, కంటికి ఆనలేదు. ఎవరెత్తుకుపోతారో అని సీటులోంచి సగం లేచింది. రేపు పొద్దున్న ఆ దారిన పరిగెత్తుకొచ్చే మనిషిని, అతని వట్టిచేతుల్ని తలచుకుని మళ్ళీ కూర్చుంది.

దిబ్బ మీద ఎండ పోయింది. గుడిసె వెనక ఇంకా వేడి తగ్గని రాతి మీద, పరిచిన పాత చీరముక్క మీద, ఉప్పు తేలిన మాగాయ ముక్కలు అంచులు ముడుచుకుని ఎండుతున్నాయి.