ఉస్తాద్ దాచుకున్నది

మూడేళ్లుగా దస్తగీర్ ఆరింటికే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లకుండా కూర్చునేవాడు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ వెనక గల్లీలో పని లేని మగవాళ్లకు కొదవ లేదు గానీ, ఇంత నీటుగా తయారై ఖాళీగా కూర్చునేది ఈయనొక్కడే. గల్లీ వెక్కిరించింది. పని ఉన్నవాళ్ల నోళ్లు, వాటికేం, ఎన్నైనా అంటాయి.

అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆయన ఒకే ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ మగ్గులు, డబ్బాలు పోసే మెషీన్ నడిపాడు. సేఠ్ ఆ ఫ్యాక్టరీని ఊరవతలికి మార్చినప్పుడు మెషీన్లను తాళ్లు కట్టి, గోనెలు చుట్టి, భద్రంగా లారీలెక్కించాడు. మనుషులను గేటు దగ్గరే వదిలేశాడు. ఆ తర్వాత కాటేదాన్ ఫ్యాక్టరీల్లో దస్తగీర్ ఎక్కని గడప లేదు. ప్రతిచోటా ఒకటే ప్రశ్న, వయసెంత అని. నలభై తొమ్మిది అనగానే అవతలివాడికి ఏదో ఫోన్ వచ్చేది. చివరికి సిగ్గు విడిచి ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోస్తానని వెళితే, అక్కడి మేస్త్రీ ఆయన వీపు చూసి, చాయ్ తాగించి పంపేశాడు. ఆ చాయ్ ఇంకా గొంతు దిగలేదు.

ఇంట్లో చేతి నిండా పని ఉన్నది భార్య షహనాజ్ ఒక్కతికే. చీరలకు చమ్కీ కుడుతుంది. కొడుకు అద్నాన్‌కు ఇరవై రెండేళ్లు. డిగ్రీ సగంలో వదిలేసి స్నేహితుడి బండి మీద ఊరంతా తిరుగుతాడు.

మే నెలలో కాటేదాన్‌లో కొత్తగా పెట్టిన మగ్గుల ఫ్యాక్టరీకి మనిషి కావాలని తెలిసి, దస్తగీర్ కొడుకు వెనక బండెక్కి వెళ్లాడు. సూపర్‌వైజర్ అభిషేక్ ముప్పై దాటని కుర్రాడు. మాటలెందుకని నేరుగా మెషీన్ ముందు నిలబెట్టాడు. మూడేళ్ల తర్వాత ఆ వేడి మొహానికి తగలగానే దస్తగీర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. వేడి సరిచేశాడు, ఒత్తిడి సరిచేశాడు, ఇరవై మగ్గులు తీశాడు. ఒక్కదానికీ వంక లేదు. చుట్టూ చేరినవాళ్లు శభాష్ అన్నారు. అప్పుడు అభిషేక్ ఆధార్ కార్డు అడిగాడు.

“చాచా, పని నీకు మస్తు వస్తది. గానీ నలభై దాటినోళ్లను పెట్టొద్దన్నడు మా సేఠ్,” అన్నాడు, కార్డు తిరిగిస్తూ. గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటున్న అద్నాన్ వైపు చూశాడు. “నీ కొడుకే కదా? ఆయన్ని పెడత. పది దినాలు నువ్వొచ్చి నేర్పి పో.”

దస్తగీర్‌కు ఒళ్లు మండిపోయింది. అయినా తలూపాడు. ఊపక ఏం చేస్తాడు? షహనాజ్ ఇరుగుపొరుగుకు చక్కెర పంచి, ఇంటికి నౌకరీ వచ్చిందని చెప్పుకుంది. ఇంటికి వచ్చిన మాట నిజమే. తనకు రాలేదన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కడే గుర్తుపెట్టుకున్నాడు.

ఆ పది రోజులూ మాత్రం ఆయన రోషం లేని మనిషిలా సంతోషపడ్డాడు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని గల్లీలోంచి అందరికీ కనబడేలా నడిచాడు. ఫ్యాక్టరీలో ఆయన్ని ఉస్తాద్ అన్నారు. జీతం లేని ఉస్తాద్. అచ్చు ఎలా బిగించాలో, దేనికెంత వేడి పెట్టాలో, మెషీన్ ఏ చప్పుడు చేస్తే ఏం అడుగుతున్నట్టో కొడుక్కి చెప్పాడు. ఎందుకూ పనికిరాడనుకున్న వాడు నాలుగో రోజుకే ఇట్టే పట్టేశాడు. తండ్రికి గర్వంగానే ఉంది. లోపల ఎక్కడో చురుక్కుమంది కూడా.

చెప్పనిది ఒక్కటే మిగిలింది. పాత ప్లాస్టిక్‌ను కడిగి, కరిగించి, చిన్న చిన్న గింజలుగా కోస్తారు. మగ్గులు పోసే ఆ గింజలనే దాణా అంటారు. ఎండాకాలంలో దానితో ఏ పేచీ లేదు. వానలు మొదలైతే బస్తాల్లోనే చెమ్మ పట్టి, పోసిన మగ్గులో గాలి బుడగలు చేరతాయి. అందుకని వానాకాలం పొద్దున మెషీన్‌లోంచి వచ్చే మొదటి ముద్దను మగ్గుగా పోయకుండా నేల మీద వదిలి, చల్లారాక కత్తితో కోసి చూడాలి. లోపల చిల్లులుంటే దాణాను రెండు గంటలు వేడిగాలికి ఆరబెట్టాలి. అంతే. చెప్పడానికి నిమిషం పట్టదు.

కానీ ఆ లైన్లో ఉస్తాద్ అనేవాడు ఒక్క కిటుకు తన దగ్గరే ఉంచుకుంటాడు. అది మోసమని ఎవరూ అనుకోరు, రివాజు అంటారు. దస్తగీర్‌కు పని నేర్పిన డానియేలు మేస్త్రీ మిగతావన్నీ ఏడాదిలో చెప్పి, ఈ ముద్ద కోసే సంగతి పన్నెండేళ్ల తర్వాత, తను పని మానేసే రోజున చెప్పాడు. అప్పటిదాకా ప్రతి వానాకాలం సేఠ్ డానియేలు ఇంటికి ఆటో పంపేవాడు.

పదో రోజు సాయంత్రం ఆ మాట దస్తగీర్ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అభిషేక్ వచ్చి చెయ్యి కలిపి, రేపటి నుంచి రానక్కర్లేదని మర్యాదగానే చెప్పాడు. దస్తగీర్ మాట మింగేశాడు. వాన రానీ, మగ్గులు చెడనీ, మా అబ్బాకు తెలుసని వీడంటాడు, అప్పుడు వాళ్లే మనిషిని పంపుతారు అని లెక్క వేసుకున్నాడు. కొడుకు మీద అసూయ అని ఎవరైనా అంటే ఆయన కొట్టడానికి వచ్చేవాడే. కానీ అబద్ధమని మాత్రం ఒట్టు వేయలేకపోయేవాడు.

జూన్ రెండో వారంలో రాత్రంతా వాన కురిసింది. అద్నాన్ పనికి వెళ్లగానే దస్తగీర్ తయారై ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పది దాటింది, పన్నెండు దాటింది. భోజనానికి రమ్మంటే ఆకలి లేదన్నాడు. రెండింటికి తలుపు తోసుకుని వచ్చింది అద్నానే. నిలువునా తడిసి ఉన్నాడు. చొక్కాకు రెండు గుండీలు లేవు.

పొద్దుటి నుంచి పోసిన మగ్గులన్నీ బుడగలేనట. పట్టుకుంటే పిడి ఊడి చేతికొస్తోందట. మీ అబ్బ నీకు నేర్పింది ఇదేనా అని అభిషేక్ అందరి ముందూ నిలదీశాడట.

“నువ్వు నేర్పినట్టే చేసిన అబ్బా, ఒక్కటి గూడ తప్పలే. గదే చెప్పిన,” అన్నాడు అద్నాన్. “గట్లయితే మీ అబ్బకే పని రాదు, ఇరవై ఏండ్లు ఉత్తగనే గడిపిండు అన్నడు. నేను ఊకోలే. కాలర్ పట్టుకున్న. బయటికి నూకిన్రు.”

షహనాజ్ తువాలు తెచ్చి కొడుకు తల తుడుస్తూ, నీ బాప్ పని గురించి వాడికేం తెలుసని అభిషేక్‌ను తిట్టిపోసింది. దస్తగీర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కొడుకు తన కోసం కొట్లాడతాడని ఆయన లెక్కలో లేదు. ఇప్పుడు చెప్పినా మించిపోయింది లేదు. కాటేదాన్‌లో ఇంకా నలభై ఫ్యాక్టరీలున్నాయి, వీడికి వయసుంది. కానీ చెబితే, తెలిసీ ఎందుకు చెప్పలేదని వీడు అడుగుతాడు. దానికి బదులేది?

“నాకెందుకో దాణా తడిసిందేమో అనిపించింది,” అన్నాడు అద్నాన్, తువాలులోంచి. “తడిస్తే గట్ల అయితదా అబ్బా? ఎట్ల తెలుస్తది మరి?”

దస్తగీర్ ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

“ఏమో బేటా,” అన్నాడు. “నాకు గూడ తెల్వదు.”

షహనాజ్ చెయ్యి ఆగింది. అద్నాన్ తువాలు పక్కకు తీసి తండ్రిని చూశాడు. ఆ తర్వాత తల్లి వైపు తిరిగి, అభిషేక్ ఉన్నమాటే అన్నాడు, రేపు పొద్దున్నే పోయి మాఫీ అడుగుతానని చెప్పాడు.