అత్త ముఖానికి కొబ్బరినూనె

రాత్రంతా బొగ్గు బాయిలో, భూమి లోపల పనిచేసి గిడియోన్ పైకి వచ్చేసరికి ఎండ బాగానే పడుతోంది. మామూలుగా అయితే నేరుగా ఇంటికి వెళ్లి వేడినీళ్లు పోసుకునేవాడు. ఆ రోజు అంత తీరిక లేదు. చెల్లెలు హన్నా ఎక్కిన రైలు పెద్దపల్లి దాటిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. తలకు పెట్టుకునే లైటు అప్పజెప్పి, ముఖాన రెండు దోసిళ్ల నీళ్లు కొట్టుకొని, బండి తీసి రామగుండం స్టేషన్ వైపు పోయాడు.

బెంగళూరులో ఆర్మీ ట్రైనింగ్ పూర్తి చేసుకొని, పోస్టింగ్‌కు ముందు ఇచ్చిన సెలవుకు వస్తోంది హన్నా. పెట్టె దిగిన నలుగురైదుగురిలో ఆమె కోసం జడను బట్టి వెతికాడు గిడియోన్. జడ కనపడలేదు. వీపుకు పెద్ద కిట్ బ్యాగు తగిలించుకొని, చెవుల పైదాకా కత్తిరించిన జుట్టుతో, ఎండకు నల్లబడిన ఒక సన్నటి సిపాయి నిటారుగా నడిచి వచ్చి అతని ముందు నిలబడితే గానీ పోల్చుకోలేకపోయాడు.

"అన్నా!"

"ఆగు ఆగు, ముట్టకు. బాయి మీదికెల్లి సీదా వచ్చిన. బట్టలన్నీ ఖరాబైతయి."

"అయితే కానియ్. ఇన్ని దినాలు బురదల పొర్లిన, నీ బొగ్గుకు భయపడ్తనా?" అంటూ గట్టిగా వాటేసుకుంది. విడిచేసరికి ఆమె చెంప మీద నల్లటి మరక పడింది. తుడుద్దామని చెయ్యి ఎత్తి, ఆ చేతికి మరింత నలుపు ఉన్నదని గుర్తొచ్చి దించేశాడు.

బండి సగం దారి వచ్చాక వెనుక నుంచి భుజం తట్టింది. "అన్నా, ఒక చాయ్ తాగి పోదామే."

ఇల్లు పది నిమిషాల దూరంలో ఉంది. అమ్మ చాయ్ పెట్టుకొని ఎదురుచూస్తూ ఉంటుంది. అయినా గిడియోన్ పవర్‌హౌస్ పొగగొట్టాలు కనపడే చోట ఉన్న చాయ్ బండి దగ్గర ఆపాడు. బండి అతను కిట్ బ్యాగును చూసి, ఆమె గ్లాసు నిండా పోశాడు. అడగకుండానే ఒక బిస్కెట్ కూడా పక్కన పెట్టాడు. ఇలాంటివి గిడియోన్ మరచిపోడు.

"పిల్ల నన్ను గుర్తుపడ్తదా అన్నా?" అంది హన్నా గ్లాసులోకి చూస్తూ.

"ఎందుకు గుర్తుపట్టది?"

"జడ లేదు కద."

గిడియోన్ బిస్కెట్‌ను ఆమె వైపు జరిపాడు. భార్య కరుణ పోయేనాటికి వాళ్ల కూతురు కెజియా ఇంకా పాలు తాగే పిల్ల. అప్పటి నుంచి ఆ పిల్ల హన్నా చంకలోనే పెరిగింది. హన్నా జడ కొసను పిడికిట్లో పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. ఆర్మీలో సెలక్షన్ వచ్చినప్పుడు వద్దని చెప్పబోయింది హన్నానే. వెళ్లమన్నది గిడియోన్. "నేను డిగ్రీ చదివి బాపు నౌకరి తీసుకున్న. నాకది మంచిగనే ఉన్నది. నువ్వు మాత్రం నీది నువ్వే తెచ్చుకున్నవ్, ఇడువకు" అన్నాడు. ఆమె వెళ్లిన కొత్తలో కెజియా నిద్రలో పరుపంతా చేత్తో తడుముకునేది. ఆ సంగతి అతను చెల్లెలికి ఇంతవరకు చెప్పలేదు. జుట్టు కత్తిరించిన రోజు నుంచి హన్నా కూడా ఫోన్‌లో ముఖం చూపించలేదు. పిల్ల జడుసుకుంటుంది, గొంతు వినిపిస్తే చాలు అనేది.

"నేనెవరో దానికి తెల్వకుంట అయిపోతే, మల్ల ఎట్ల పోతనో నాకే తెల్వది" అంది హన్నా.

"పోనంటే కుదురుతదా?"

"కుదరదు. అందుకే భయమైతాంది."

"తాగు, చల్లారుతది" అన్నాడు గిడియోన్. వెళ్లమన్నది తనే. పిల్ల ముఖం తిప్పుకుంటే ఆ దెబ్బ ఇద్దరికీ తగులుతుంది.

క్వార్టర్ ముందు బండి ఆగగానే పక్కింటి ఐలవ్వ చీపురు పట్టుకొని గోడ మీది నుంచి తొంగి చూసింది.

"ఎవరు గిడియోనూ, గా పిలగాడు? నీ జోడీల కొత్తగ చేరిండా?"

"అవ్వా, నేను హన్నాను."

"ఓ నీ! గిదేందే, జడ ఎటువాయె? మీసమొక్కటే తక్కువున్నది" అని ఐలవ్వ చీపురు పడేసి నవ్వింది. హన్నా కూడా నవ్వింది గానీ ఆమె చూపు అప్పటికే గుమ్మం మీదికి వెళ్లింది.

గుమ్మంలో కెజియా రెండు చేతులూ బారచాపి నిలబడి ఉంది. ఇది ఆ పిల్ల రోజూ చేసే పని. డ్యూటీ నుంచి వచ్చినవాళ్లు ముందు తలుపు లోంచి రాకూడదు, పిల్లలను ముట్టకూడదు, పక్క సందులోంచి పెరట్లోకి పోయి స్నానం చేశాకే ఇంటి మనుషులు అవుతారు. తాత ఆమోసు బాయిలో పనిచేసిన కాలం నుంచి ఇంట్లో ఇదే పద్ధతి. తాతకు పింఛను వచ్చినా పద్ధతికి రాలేదు.

"డాడీ, అటు" అని కెజియా పెరటి దిక్కు చూపించింది. తర్వాత చెంపన బొగ్గు మరకతో నిలబడ్డ మనిషిని కిందినుంచి పైదాకా చూసింది. "గీ అన్న గూడ."

హన్నా మోకాళ్ల మీద కూర్చుంది. "కెజియా, నేనురా. అత్తను."

"అత్తకు జడ ఉంటది" అంది పిల్ల. కోపం లేదు, భయం లేదు. ఉన్న విషయం చెప్పినట్టు చెప్పింది.

లోపలి నుంచి తల్లి సుగుణమణి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తి వచ్చింది. కూతురి తల చూసి అక్కడే ఆగిపోయింది. "నా బంగారి తల్లీ! ఎవలు కోసిన్రే గింత జుట్టును, వాళ్ల చేతులిరగ!" అని, వెంటనే "ప్రభువా, తప్పైంది" అనుకొని, ఏడుస్తూ నవ్వుతూ కూతురి తలంతా నిమిరింది. వెనకే ఆమోసు వచ్చాడు. "ఏంది బిడ్డా, నిన్ను ట్రైనింగ్‌కు పిలిచిన్రా, మా బాయిలకు దింపిన్రా?"

ఈ మాట కెజియా శ్రద్ధగా విన్నది.

"ముందుగాల తానం చెయ్యాలె. తర్వాత చూద్దం" అంది.

"విన్నవా? ఆర్డర్ పడ్డది" అన్నాడు ఆమోసు. హన్నా లేచి, మడమలు టక్కున కలిపి, "యస్ సర్" అంది. పిల్ల నవ్వలేదు.

అన్నాచెల్లెళ్లు ఇద్దరూ పక్క సందులోంచి పెరట్లోకి పోయారు. గిడియోన్ నల్లా దగ్గర ఒంటి మీది బొగ్గును వదిలించుకుంటుంటే, లోపల బాత్‌రూంలో చెంబు చప్పుడు చాలాసేపు వినిపించింది. మధ్యలో కాసేపు ఆగిపోయింది. అప్పుడు అతను నల్లాను కొంచెం ఎక్కువ తిప్పాడు, ఏడ్చుకుంటే ఏడ్చుకోనీ, ఎవరూ విన్నట్టు ఉండకూడదని.

హన్నా పాత పంజాబీ డ్రెస్సు వేసుకొని వచ్చి బట్టలుతికే బండ మీద కూర్చుంది. కెజియా దగ్గరికి వచ్చింది, చేతికి అందనంత దూరంలో ఆగి చుట్టూ తిరిగి చూసింది. చెంప మీది మరక పోయింది. కానీ నుదుటి మీద టోపీ అంచు ఉండే చోట ఒక గీత ఉంది. దానికి పైన హన్నా పాత రంగు, కింద అంతా నలుపు.

"పోలే" అని చెప్పి పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

హన్నా అన్న వైపు చూసింది. కళ్లు నిండాయి. "చూసినవా అన్నా" అంది మెల్లగా. గిడియోన్ తువ్వాలు పిండుతూ నిలబడ్డాడు, పిండడానికి అందులో నీళ్లు లేకపోయినా.

అంతలో కెజియా తిరిగి వచ్చింది. ఒక చేతిలో కొబ్బరినూనె సీసా, ఇంకో చేతిలో దూది. గిడియోన్‌కు గుండె ఒక్కసారి తేలికయింది. ఎంత రుద్దినా కంటి రెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలిపోతుంది. నూనె అద్దిన దూదితో తుడిస్తే గానీ రాదు. మొదట్లో కరుణ తుడిచేది. తర్వాత ఆ పని కెజియాకు నేర్పింది హన్నానే. డాడీ డ్యూటీ నుంచి వచ్చాక రోజూ ఆ తుడుపు పని పిల్లదే.

"కండ్లు మూస్కో" అంది కెజియా. చెయ్యి అందలేదు. ఒక కాలు బండ మీద పెట్టి, ఇంకో కాలు హన్నా తొడ మీద పెట్టి ఎక్కి, ఒళ్లో స్థిరపడి కూర్చుంది. దూదితో నుదుటి గీత దగ్గర నుంచి మొదలుపెట్టి గట్టిగా రుద్దింది. దూది తిప్పి చూసింది. తెల్లగానే ఉంది. మళ్లీ నూనె అద్దింది, మళ్లీ రుద్దింది. హన్నా ముఖం నిగనిగలాడింది తప్ప రంగు మారలేదు.

"ఏ బాయిల చేసినవ్?"

"బెంగుళూరు బాయిల" అంది హన్నా కళ్లు మూసుకొనే.

కెజియా దూదిని ఇంకోసారి చూసి నిట్టూర్చింది. "గా బాయి బొగ్గు మస్తు గట్టిగున్నదత్తా."

గరిటె పట్టుకొని గడపలో నిలబడ్డ సుగుణమణి నోరు తెరిచింది. గిడియోన్ చెయ్యెత్తి వద్దని సైగ చేశాడు. ఆమోసు పెద్దగా దగ్గబోయి ఆపుకున్నాడు. హన్నా కళ్లు తెరవలేదు. మూసిన రెప్పల కింది నుంచి నీళ్లు కారుతుంటే పిల్ల వాటినీ నూనెనూ కలిపి తుడిచేసింది.

సీసాలో మిగిలినదంతా ఆ పొట్టి జుట్టు మీద ఒంపింది కెజియా. "నూనె పెడ్తే పెరుగుతయి. రేపటికి జడ వస్తది."

"రేపటికి రాదు చిట్టీ."

"ఎల్లుండికి?"

"ఎల్లుండికి గూడ రాదు. నేను మల్ల డ్యూటీకి పోవాలె. ఆడ మల్ల కోస్తరు."

ఈ మాట ఇంత తొందరగా చెప్పాల్సింది కాదేమో అనుకున్నాడు గిడియోన్. కానీ కెజియాకు డ్యూటీకి పోవడం కొత్త సంగతి కాదు. ఆ ఇంట్లో డ్యూటీకి పోయినవాళ్లు నల్లగా తిరిగి రావడమే ఆమెకు తెలుసు.

"అయితే వచ్చినంక మల్ల నేనే పెడ్త. సందులకెల్లి రావాలె, ఇట్లకెల్లి కాదు" అని తలుపు చూపించింది. ఖాళీ సీసా నానమ్మ చేతిలో పెట్టింది. "ఇంకోటి కొనుక్కరా నానమ్మా, పెద్దది."

"బగార అన్నం పొయ్యి మీదున్నది, మాడుతదే" అంటూ సుగుణమణి ముఖం దాచుకొని లోపలికి పోయింది.

తిన్న తర్వాత చాప మీద హన్నా పక్కన పడుకుంది కెజియా. కోడికూర ఘుమఘుమ ఇంకా ఇల్లంతా ఉంది. నిద్ర ముంచుకొస్తుంటే పిల్ల చెయ్యి అలవాటుగా అత్త భుజం మీదికి పోయింది, అక్కడ ఏమీ దొరకక మెడ మీదికి పాకింది. అక్కడా దొరకలేదు. గోడకు ఆనుకొని చూస్తున్న గిడియోన్ కదలకుండా ఉండిపోయాడు. చెయ్యి ఇంకాస్త పైకి పోయి, నూనె జిడ్డుతో జారుతున్న చెవిని అందుకుంది. దాన్ని పిడికిట బిగించి పట్టుకొని కెజియా నిద్రపోయింది.

"మా ట్రైనింగ్ ఉస్తాద్‌కన్న గట్టిగ పట్టుకున్నదన్నా" అంది హన్నా గుసగుసగా, తల తిప్పే వీలు లేక పైకప్పు చూస్తూ.

"విడిపించనా?"

"వద్దు వద్దు."

గిడియోన్ లేచి పక్క గదిలోకి వెళ్లాడు. రాత్రి మళ్లీ షిఫ్టు ఉంది, ఇకనైనా నిద్రపోవాలి. తలుపు పక్క అద్దంలో ముఖం కనపడితే ఆగాడు. కళ్ల అంచున బొగ్గు కాటుక అలాగే ఉంది. ఇవాళ తుడిచేవాళ్లు తీరిక లేకుండా ఉన్నారు, నూనె కూడా అయిపోయింది. కరుణ ఉంటే చూసి నవ్వేది. అతనూ నవ్వుకొని, ఆ కళ్లతోనే పడుకున్నాడు.